మత్స్యగెడ్డ ఒడ్డున

సెలవు దొరికినప్పుడు కొండకో, కొలనుకో పోయి నాలుగు దినములు గడపవలెనను కోరిక నేడు సామాన్య గృహస్థులకును కలుగుచున్నది. విశాఖపట్టణమునుండి అరకులోయకు జనులు వేసవిలో చల్లదనమునకును, వానకాలమున జలపాతములకును, కార్తీక మార్గశీర్షములలో పసుపు పరచినట్లు పూచిన వలిసెచేలకును, పుష్యమాసమున లంబసింగి మంచునకును పోవుచున్నారు. డుంబ్రిగుడ దాపున చాపరాయి మీదుగా జారు నీటిలో పిల్లలతోపాటు పెద్దలును జారుచున్నారు. తాజంగి జలాశయమున పడవలెక్కుచున్నారు. ఏడాది పొడుగునను విహారమునకు అనువైన ఇట్టి చోటు తెలుగునాట మరియొకటి లేదన్నను తప్పులేదు.

ఈ ప్రసంగమున మేము దారివివరములను, బసవివరములను చెప్పబూనలేదు. ఈ విహారభూమి ఎట్లు ఏర్పడినది, దానిని ఎవరు ఏర్పరచిరి, అందుకు వెల చెల్లించినవారు ఎవరు అను ప్రశ్నలకు చరిత్ర చెప్పు సమాధానమును పాఠకుల ముందుంచదలచితిమి. చల్లనిగాలికై కొండకు పోవువాడు ఆ కొండ కథను కూడ కొంత తెలిసికొనుట మర్యాద కదా!

మన దక్షిణదేశములోని తక్కిన కొండపట్టణముల కథ వేరు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ ఉదకమండలమున 1823-25 సంవత్సరములలో వాగునకు అడ్డుకట్ట వేయించి సరస్సును నిర్మించెను. మధుర కలెక్టరుగా పనిచేసిన లెవింజి 1863లో కొడైకెనాలు సరస్సును త్రవ్వించి, తూత్తుకుడినుండి పడవలు తెప్పించెను. దొరలు వేసవితాపము తప్పించుకొనుటకు కొండలెక్కిరి. వారి వెంట కచేరీలు, బంగళాలు, పూలతోటలు, గుఱ్ఱపుదారులు ఎక్కినవి. సరస్సు చుట్టును ఊరు పెరిగినది.

విశాఖ కొండలలోను అట్టి ప్రయత్నము జరుగకపోలేదు. అనంతగిరికి ఎగువ, అయిదువేల అడుగులకు మించిన గాలికొండమీద తెల్లసైనికులకొక ఆరోగ్యనివాసము ఏర్పరుపవలెనని పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలమున తలపెట్టిరి. అది నిలువలేదు. ఆరోగ్యమునకై ఎక్కినవారిని మన్యపుజ్వరము పట్టుకొనెను. ఆ జ్వరము మలేరియా అనియు, దానిని మోసికొని వచ్చునది దోమ అనియు లోకమునకు తెలియుటకు ఆ శతాబ్దము ముగియవలసి వచ్చెను. మైదానపువారికి మన్యమనగానే గుండె దిగులుపడెడిది. ఏజెన్సీకి బదిలీయైన ఉద్యోగి ఇంటిల్లిపాదికి చెప్పి, కన్నీటితో ప్రయాణము కట్టిన రోజులవి. 1953లో జాతీయ మలేరియా నివారణ కార్యక్రమము ఆరంభమై ఇంటింట మందు చల్లిన పిదపగాని ఆ భయము తగ్గలేదు. నేటికిని అది పూర్తిగా పోలేదు. నీలగిరికి దక్కిన రాచమర్యాద అరకునకు ఆనాడు దక్కకపోవుటకు దోమ ఒక ముఖ్యకారణము.

అట్లని ఈ కొండలలో అంతవరకు వినోదము లేదనుకొనరాదు. భగతలు, వాల్మీకులు, కొండదొరలు, పోర్జాలు, గదబలు, కోటియాలు, కోదులు మున్నగు కొండవారి ఏడాది అంతయు పండుగల వరుసయే. చైత్రమాసపు ఇటుకల పండుగ వాటిలో పెద్దది. అప్పుడు మగవారు జట్లుగా వేటకు పోవుదురు. వేట దొరకక వట్టిచేతులతో తిరిగివచ్చినవారిమీద ఆడవారు పేడనీళ్లు చల్లి పరిహసించుటయు ఉన్నదని పాతగ్రంథములు చెప్పుచున్నవి. ఆడువారు దారికి అడ్డముగా కఱ్ఱయో త్రాడో పట్టి, వచ్చిపోవువారిని ఆపి, ఆడి పాడి పజోరు అడుగుదురు. పజోరనగా పండుగ చందా. ఇచ్చిన నాలుగు డబ్బులతో ఊరంతయు కలిసి విందు చేసికొందురు. ఆ దినములలో తుడుము, డప్పు, కిరిడి మ్రోగగా, మోరి ఊదగా, ఒకరి వెనుక ఒకరు నడుములు పట్టుకొని, పామువలె మెలికలు తిరుగుచు థింసా ఆడుదురు. ఇది చూపరులకై పుట్టిన ఆట కాదు. ఒక ఊరివారు మరియొక ఊరికి పోయి కలిసి ఆడి, కలిసి భుజించి, చుట్టరికములను నిలుపుకొను ఆట. వారపుసంత కూడ వీరికి బేరమునకు మాత్రమే కాదు. పుట్టింటివారిని చూచుటకును, మాట కలుపుకొనుటకును ఒక విహారము.

ఇక నీటి ఒడ్డున విహరించు ఆచారము ఈ కొండలలో ఎంత పాతదో మత్స్యగుండము చెప్పును. మాడుగుల కొండలలో పుట్టిన యేరొకటి పాడేరు ప్రాంతమునుండి ఉత్తరముగా పారి, ఒడిషా సరిహద్దు చేరును. మనవారు దానిని మత్స్యగెడ్డ అందురు. ఆవలివారు మాచ్‌ఖండ్ అందురు. అదియే దిగువన సీలేరై, శబరిలో కలిసి, తుదకు గోదావరిని చేరుచున్నది. హుకుంపేట మండలములో మఠము అను ఊరిదాపున ఒక బండలగుట్ట ఈ గెడ్డకు అడ్డుపడియున్నది. నీరు ఆ బండల క్రిందికి దూరి మాయమై, సుమారు నూరు గజముల దిగువన మరల తేలి మడుగు కట్టుచున్నది. ఆ మడుగు నిండ చేపలే. 1907లో అచ్చయిన విశాఖపట్టణము జిల్లా గెజిటీరులో ఫ్రాన్సిసు అను దొర ఈ చేపలు మనుష్యుల చేతినుండి మేత తినుననియు, వీపు నిమిరినను బెదరవనియు వ్రాసినాడు. శివరాత్రినాడు అచ్చట ఉత్సవము, పూజారి భగత, చేపలకు మేతవేయుట పూజలో భాగము.

ఆ చేపలను పట్టరాదను కట్టడి చేసినవారు మాడుగుల జమీందారులు. చేప వారికి వంశదైవము వంటిది. ఈ నమ్మకము నిన్న మొన్నటిది కాదు. 1269వ సంవత్సరపు దిబ్బిడ తామ్రశాసనములో ఒడ్డాది మత్స్యరాజుల వంశకథ ఉన్నది. ముకుంద పర్వతమున పుట్టిన మత్స్యనదిలో ఒక మునిశాపమువలన చేపయైన అప్సరసకు జనించిన కుమారుడే తమ మూలపురుషుడని ఆ రాజులు చెప్పుకొనిరి. ఏడువందల యేండ్లకు పూర్వమే ఈ గెడ్డకు ఇట్టి కీర్తి కలదు. కొండవారు చెప్పు కథ మరియొకటి ఉన్నది. సరకుల ఎద్దులను తోలుకొనిపోవు ఒక బ్రింజారి వర్తకుడు ఆ మడుగులో చేపను పట్టి కూర వండుకొనెనట. చేపలరాజు శపింపగా అతడును, అతని ఎద్దులును రాళ్లయిపోయినవట. ఆ రాళ్లను ఇప్పటికిని చూపుదురు. బయటినుండి వచ్చినవాడు నీటిని చూడవచ్చును, మునుగవచ్చును, చేపకు పిడికెడు మేత వేయవచ్చును. ఆ చోటి సొమ్మును మాత్రము సంచిలో వేసికొని పోరాదు. ఈ కథలోని నీతి ఇంతే. తరువాతి చరిత్రను ఈ నీతితో కొలిచి చూతము.

ఇరువదవ శతాబ్దములో మైదానము ఈ కొండలకు ఎక్కివచ్చినది విహారమునకు కాదు, పనికి. నేడు అరకునకు పోయినవారందరును తప్పక చూచు పద్మాపురము తోట రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942లో, సైనికులకు కూరగాయలు పండించుటకై వేసిన తోట. గులాబీలు, చెట్లమీది గుడిసెలు, పిల్లల బొమ్మరైలు తరువాత వచ్చినవి.

రెండవ పని గెడ్డమీద జరిగినది. 1936లో ఒడిషా ప్రత్యేక రాష్ట్రమై, కొరాపుట్ ప్రాంతము దానిలో చేరినది. మత్స్యగెడ్డ రెండు రాష్ట్రముల సరిహద్దునకు వచ్చినది. ఆ నది డుడుమ వద్ద అయిదువందల అడుగులకు పైబడిన ఎత్తునుండి ఒక్క దూకున పడుచుండెను. ఆ పాటునుండి విద్యుచ్ఛక్తిని తీయవచ్చునని ఇంజనీర్లు గ్రహించి, ఎగువన జోలాపుట్టు వద్ద ఆనకట్ట కట్టి పెద్ద జలాశయమును నిర్మించిరి. ఒనకఢిల్లీ వద్ద మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము వెలసెను. 1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు దానిని ప్రారంభించిరి. 1959 నాటికి ఆరు యంత్రములును తిరిగినవి. అవతరించి రెండేండ్లయిన నిండని ఆంధ్రరాష్ట్రమునకు అది గొప్ప ఆసరా. కోస్తా జిల్లాలలో దీపములు వెలిగినవి, మిల్లులు ఆడినవి, నూతులలో మోటార్లు తిరిగినవి. నాటి ఇండ్లలో మ్రోగిన రేడియోపెట్టెలలో ఎన్నియో ఈ మత్స్యగెడ్డ నీటిబలముతో మ్రోగినవే. కావున రేడియోగల కుటుంబములకు ఈ కథతో పాతచుట్టరికము కలదు.

ఆ వెలుగునకు వెల ఎవరు చెల్లించిరి? జలాశయము నిండుటకు సుమారు మూడువేల కుటుంబములు కదలిపోవలసి వచ్చినది. అందు ఇంచుమించు సగము గిరిజనులు. తిరిగి వ్యవస్థగా నిలుపబడినవారు కొద్దిమందియే. నీటి క్రింద పోయినవి పల్లపు వరిమడులు, చింతతోపులు, ఊరి నడుమ పెద్దలు కూర్చుండు రాతితిన్నెలు. కొండవాలున పోడు ఎప్పుడైనను కొట్టుకొనవచ్చుననుకొనుట మైదానపువాని భ్రమ. 1882నాటి మద్రాసు అడవిచట్టము తరువాత పోడునకును హద్దులు పడినవి. గెడ్డపల్లములోని మడిచెక్క పోయినవానికి దానికి సరియైనది కొండమీద దొరకదు.

నీరు ఊళ్లను ముంచుటయే కాక, మిగిలిన ఊళ్లను ఒకదానినుండి ఒకటి విడదీసినది. ముంచంగిపుట్టు, పెదబయలు ప్రాంతములలో మత్స్యగెడ్డ వెనుకనీరు వేళ్లవలె కోనలలోనికి చొచ్చుకొనియున్నది. ఒకనాడు నడచి పోయిన పొరుగూరికి నాటుపడవ కావలసి వచ్చెను. సంతకును, రేషనుబియ్యమునకును, ఆసుపత్రికిని, బడికిని ఆ పడవయే శరణ్యమైన గ్రామములు నేటికిని గలవు. గాలి లేచినప్పుడు, బరువు ఎక్కువైనప్పుడు ఆ పడవలు తిరుగబడి ప్రాణములు పోయిన వార్తలు ఏండ్ల తరబడి వినుచునేయున్నాము. దిగువ సీలేరు మీద బలిమెల జలాశయము వెనుకను ఇదే గాథ. అచ్చట 151 గ్రామములు నీటికి ఆవల చిక్కుకొని, 2018లో గురుప్రియ వంతెన తెరచువరకును ఒడిషాలోని తమ తాలూకా కేంద్రమునకే పడవ లేనిదే రాలేకపోయినవి. నీలినీటిపై మంచుతెర కదలుట చూచి మనము ఆనందింతుము. ఆ మంచులో అవతలి ఒడ్డు కనబడక పడవవాడు తల్లడిల్లుచుండును. రెండును ఒకే ఉదయమున, ఒకే నీటిపై జరుగుచున్నవి.

మూడవ పని రైలుదారి. బైలదిల్లా కొండల ఇనుపరాయిని జపానునకు పంపుటకై 1960లో ఒడంబడిక జరిగినది. ఆ రాయిని విశాఖ రేవునకు దింపుటకు కొత్తవలసనుండి కిరండూలు వరకు తూర్పుకనుమలను తొలిచి, 1960 దశకములోనే బ్రాడ్‌గేజి మార్గము వేసిరి. ఏబది ఎనిమిది సొరంగములు, ఎన్నియో లోయలమీది వంతెనలు. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్నది. బ్రాడ్‌గేజి స్టేషన్లలోకెల్ల ఎత్తైనదని చాలకాలము పేరుపొందినది. ఖనిజపు బండ్లు దిగుటకు వేసిన దారిలో ఒక ప్రయాణికుల బండి ఎక్కినది. ఆ బండి అరకును లోకమునకు చూపినది. 2017లో అద్దపుకప్పుగల పెట్టె దానికి తగిలించిరి. కనుక అరకు అందమును చూచుటకు మనము కూర్చున్న కిటికీ కూడ ఇనుపరాయి పెట్టిన భిక్షయే!

ఆ రైలుదారి బొఱ్ఱా గుహలమీదుగా పోవుచున్నది. సున్నపురాతిని గోస్తనీనది నీరు యుగయుగములుగా కరగించి తొలిచిన గుహలివి. ఆ నది అచ్చటి కొండలలో పుట్టి భీమునిపట్టణము వద్ద సముద్రమున కలియును. 1807లో భూగర్భ పరిశోధనశాఖ ఉద్యోగి విలియం కింగు జార్జి ఈ గుహలను కనుగొనెనని మార్గదర్శక పుస్తకములన్నియు ఒకదానిని చూచి ఒకటి వ్రాయుచున్నవి. ఆ శాఖ భారతదేశమున స్థాపింపబడినది 1851లో. పుట్టని శాఖకు ఉద్యోగి ఎట్లుండును? ఇట్లు తేదీ తప్పినను తప్పకపోయినను అంతకన్న ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. గుహలోనికి జారిపడిన ఆవును వెదకుచు దిగిన పసులకాపరి లింగమును చూచెనను కథ ఆ ఊరివారిది. లోన దేవునికి దీపము పెట్టినవారు, ఎగువ కొండపై చోళ్లు సామలు చల్లినవారు అక్కడనే ఉండగా, దొర వచ్చి కనుగొనెననుట చరిత్రవ్రాతలో ఒక అలవాటు మాత్రమే.

ఈ అలవాటునకు న్యాయస్థానమున గట్టి సమాధానము దొరికినది కూడ బొఱ్ఱా కొండలనుండియే. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1917నుండి చట్టములున్నవి. 1959నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో మరింత బిగించిరి. ఐనను అనంతగిరి మండలములోని బొఱ్ఱా పరిసరములలో ప్రభుత్వమే గనులను ప్రైవేటు సంస్థలకు కౌలునకిచ్చినది. సమత అను స్వచ్ఛందసంస్థ దీనిని ప్రశ్నించినది. 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది: నిబంధనలోని 'వ్యక్తి' అను మాటలో ప్రభుత్వమును చేరును, షెడ్యూలు ప్రాంతములోని భూమిని ప్రభుత్వమైనను గిరిజనేతరులకు గనుల కౌలునకు ఇయ్యరాదు. బొఱ్ఱా చుట్టును నేడు మనము చూచు పచ్చదనమునకు ఈ తీర్పు పెట్టని కోట. దేశమంతట గిరిజనుల భూమిహక్కుల వాదములో ఈ తీర్పు పేరు వినబడుచునే యున్నది. మత్స్యగుండపు నీతి న్యాయశాస్త్రభాషలో మరల పలికినట్లున్నది.

కొండవారు నష్టపోయినవారు మాత్రమే అనుకొనుట కూడ సత్యము కాదు. కాఫీ తోటలను చూడుడు. ఈ పంటను తూర్పుకనుమలకు తెచ్చినవారు ఆంగ్లేయులు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అటవీశాఖ దానిని పెంచినది. తరువాత అది గిరిజన కుటుంబముల చిన్నచిన్న చెక్కలలోనికి వచ్చి, సిల్వర్ ఓకు నీడలో, మిరియపుతీగల నడుమ నిలదొక్కుకొనినది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. లోయకు పోయినవారు త్రాగి మెచ్చుకొను ఆ గిన్నెడు కాఫీలో కొండరైతు పేరు ఉన్నది. 2022లో పాడేరు కేంద్రముగా ఏర్పడిన కొత్తజిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిరి. అడవిపై ఆంక్షలు, వెట్టిచాకిరి కూడ కారణములై 1922-24లో చెలరేగిన మన్యపుతిరుగుబాటు నాయకుని పేరది. ఆ పేరు పెట్టిన జిల్లాలో విహారమును నడుపుటకు ఒక పద్ధతి ఉండవలెను కదా!

ఆ పద్ధతి ఏదని అడిగినచో మాకు తోచినది చెప్పెదము. జోలాపుట్టు వంటి జలాశయముల ఒడ్డున తోటలు వేయవలెననియు, పడవలు నడుపవలెననియు ఆలోచనలు రావచ్చును. వచ్చుట మంచిదే, చూపరుల డబ్బు కొండపల్లెకు చేరిన మేలే. కాని విహారపడవకు ముందు రేవుపడవ రావలెను. వంతెన పడదగిన చోట వంతెన పడవలెను. నీటిలో మడులు పోయినవారి మనుమలకు ఆ ఒడ్డున దుకాణము పెట్టుకొను హక్కు, పడవ నడుపు ఉద్యోగము, గుహలో దారిచూపు పని మొదట దక్కవలెను. ఇవి ప్రభుత్వము చేయవలసినవి.

మనము చేయవలసినవియు కొన్ని కలవు. సంతలో గిరిజన స్త్రీ చెప్పిన ధరకు పసుపుకొమ్ములను, చింతపండును కొనుటలో మనకు పోవునది స్వల్పము. ఇటుకల పండుగనాడు దారిలో త్రాడు అడ్డముపట్టి నిలిచినప్పుడు విసుగుకొనక పజోరు చేతిలో పెట్టుట మేలు; ఆ దారి మొదట వారిది. థింసా ఆడుచున్నప్పుడు అది వారి చుట్టరికముల ఆట అని తెలిసి చూచినచో చూచుటలో గౌరవముండును. వలిసెపూలలో దిగి ఛాయాచిత్రము తీయించుకొనునప్పుడు ఆ చేను ఒకరి ఏడాది నూనెయని జ్ఞప్తియందుంచుకొనవలెను. చాపరాయి బండలమీద సీసాలు పగులగొట్టిన, మరునాడు అక్కడ నీటికి దిగునది ఆ ఊరి పిల్లలే. ఈసారి అరకునకు పోవువారు వీలున్నచో పాడేరు దారిని మత్స్యగుండమునకును పోయి, చేపలకు పిడికెడు మరమరాలు వేసి రండు. శతాబ్దములుగా ఆ మడుగునకు యాత్రికులు వచ్చుచునేయున్నారు; చేపలును ఉన్నవి.